నాలుగు వందల నోళ్లు, ఒక్క మీకాయా

2025 నవంబర్ 9 ఆదివారం. జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక ప్రచారానికి అదే చివరి రోజు. మందిరాల్లో ఆరాధన, వీధుల్లో ప్రచార రథాల మైకులు. లోపల ఒకే వాక్యం, బయట వంద వాగ్దానాలు. మంగళవారం పోలింగ్, శుక్రవారం లెక్కింపు. ఎమ్మెల్యే మాగంటి గోపీనాథ్ ఆ ఏడాది జూన్‌లో కన్నుమూయడంతో వచ్చిన ఈ ఎన్నికలో 58 మంది అభ్యర్థులు నిలబడ్డారు. కాంగ్రెస్ అభ్యర్థి నవీన్ యాదవ్‌కు 98,988 ఓట్లు, బీఆర్ఎస్ అభ్యర్థి మాగంటి సునీతకు 74,259 ఓట్లు, బీజేపీ అభ్యర్థి లంకల దీపక్‌రెడ్డికి 17,061 ఓట్లు వచ్చాయి. 24,729 ఓట్ల ఆధిక్యంతో ఫలితం తేలిపోయింది. మైకులు మూగబోయాయి.

ఎవరు గెలిచారు, ఎందుకు గెలిచారు అన్నది మన చర్చ కాదు. ఎవరికి ఓటు వేయాలో చెప్పడం అసలే కాదు. ఆ ప్రచారం రోజుల్లో మనం ఏం విన్నాం? విన్నదాన్ని ఎంత పరిశీలించాం? పరిశీలించకుండానే ఎంతమందికి చేరవేశాం? ఎన్నికల వేడిలో ఈ ప్రశ్నలు ఎవరి చెవికీ ఎక్కవు. వేడి చల్లారాకే ఆలోచించుకోవాలి. ఎందుకంటే ఎన్నికలు మళ్లీ వస్తాయి, మైకులు మళ్లీ మోగుతాయి.

పేరు చూసి ఊరిని నమ్మవద్దు

మోతీనగర్‌లో నిలబడి చూస్తే మొదటి పాఠం అక్కడే దొరుకుతుంది. ఒకపక్క ఎర్రగడ్డ, మరోపక్క బోరబండ. ఇంకాస్త ముందుకు పోతే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్. ఆపైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. టీవీలో 'జూబ్లీహిల్స్' అన్న పేరు వినగానే దూరాన ఉన్నవారి కళ్లముందు ఏం కదులుతుంది? సినిమా తారల బంగళాలు, పొడవాటి కార్లు, ఎత్తయిన ప్రహరీగోడలు. కానీ ఆ పేరుతో ఉన్న అసెంబ్లీ నియోజకవర్గంలో ఎక్కువగా ఉన్నవి బోరబండ, ఎర్రగడ్డ, రహ్మత్‌నగర్, యూసుఫ్‌గూడ వంటి బస్తీలు, మధ్యతరగతి కాలనీలు. ఆ ఎన్నిక నాటి నగరపాలక డివిజన్ల లెక్కలో జూబ్లీహిల్స్ డివిజన్ ఉన్నది పక్కనున్న ఖైరతాబాద్ నియోజకవర్గంలో! జూబ్లీహిల్స్ ఎమ్మెల్యేను ఎన్నుకునేవారిలో ఎక్కువమంది ఆటో నడిపేవారు, ఇళ్లలో పనిచేసేవారు, షూటింగుల్లో లైట్లు మోసేవారు, చిన్న దుకాణాలవారు, చిరుద్యోగులు.

ఒక్క పేరే మన మనసులో ఇంత తప్పు బొమ్మ గీయగలిగితే, ఒక శీర్షిక ఎంత గీస్తుంది? ఒక ఫొటో ఎంత గీస్తుంది? పోలింగ్ తగ్గగానే 'ధనవంతులు ఓటు వేయరు' అని తీర్పు చెప్పేయడం సులభం. ఈ నియోజకవర్గంలో 4,01,365 మంది ఓటర్లుంటే ఓటు వేసినవారు 48.49 శాతం. అంటే రెండు లక్షల మందికి పైగా ఇంట్లోనో పనిలోనో ఉండిపోయారు. వారందరూ బంగళాల్లో ఉన్నవారే అనుకోవడానికి వీలులేదు. అందులో బస్తీలవారూ ఉన్నారు. ఆదివారం మన పక్కన కూర్చుని పాటలు పాడేవారూ ఉండి ఉండరా?

రామోత్గిలాదు సర్వే

బైబిలులో ఒక ఎగ్జిట్ పోల్ ఉంది. మొదటి రాజుల గ్రంథం 22వ అధ్యాయం తెరిచి చూడండి. ఇశ్రాయేలు రాజైన అహాబు రామోత్గిలాదు మీద యుద్ధానికి సిద్ధమయ్యాడు. యూదా రాజైన యెహోషాపాతును తోడు రమ్మన్నాడు. ముందు దేవుని చిత్తం విచారిద్దామన్నాడు యెహోషాపాతు. అహాబు దాదాపు 400 మంది ప్రవక్తలను పిలిపించాడు. అందరిదీ ఒకటే జవాబు: వెళ్లు, గెలుపు నీదే. వారిలో కెనయనా కుమారుడైన సిద్కియా మరో అడుగు ముందుకేసి ఇనుప కొమ్ములు చేయించుకుని వచ్చాడు. వీటితో శత్రువును పొడిచేస్తావని రాజుకు అభినయించి చూపించాడు. మాటకు బొమ్మ తోడైంది. ఈనాడు టీవీ తెరమీద తిరిగే రంగురంగుల పటాలకు, పరుగెత్తే బాణం గుర్తులకు సిద్కియా కొమ్ములు ఏమాత్రం తీసిపోవు.

యెహోషాపాతుకు ఎక్కడో అనుమానం వచ్చింది. నాలుగు వందల మంది ఒకే మాట అంటున్నప్పుడు అనుమానం రావడమే వివేకం. వేరే ప్రవక్త ఎవరూ లేరా అని అడిగాడు. ఇమ్లా కుమారుడైన మీకాయా ఉన్నాడు గానీ అతడంటే నాకు గిట్టదు, నా గురించి ఎప్పుడూ మంచి చెప్పడు అన్నాడు అహాబు. ఎంత నిజాయితీగా చెప్పాడో చూడండి! మీకాయా అబద్ధాలు చెబుతాడని అహాబు అనలేదు. తనకు నచ్చేది చెప్పడని మాత్రమే అన్నాడు. పిలవడానికి వెళ్లిన దూత కూడా దారిలో మీకాయాకు హితవు చెప్పాడు: అందరూ ఏకకంఠంగా రాజుకు అనుకూలంగా పలికారు, నువ్వూ అలాగే పలుకు అని. మీకాయా పలకలేదు. చెంపదెబ్బ తిన్నాడు, చెరసాలకు వెళ్లాడు. అహాబు వేషం మార్చుకుని యుద్ధానికి వెళ్లినా, గురి చూడకుండా విడిచిన ఒక బాణం అతని కవచం సందులోంచి దిగింది.

ఈ కథలో మోసపోయినవాడు అహాబు. మోసగించినవారు 400 మంది. కానీ మోసానికి తలుపు తెరిచిందెవరు? తనకు నచ్చని మాటను వినడానికి ఇష్టపడని రాజే. ఈ వ్యాసంలో మనం చెప్పదలచుకున్నది అదే. మీడియా మనల్ని మోసం చేయడానికి ముందే, మనకు నచ్చినదే నిజమనుకుని మనం సగం మోసపోయి కూర్చుంటాం.

మన తెలుగు నేల మీద దీనికి సాక్ష్యాలు తక్కువేం లేవు. 2018 డిసెంబర్‌లో తెలంగాణ పోలింగ్ ముగిసిన సాయంత్రం మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ తన సర్వే బయటపెట్టారు. ప్రజాకూటమికి 65 సీట్లు, టీఆర్ఎస్‌కు 35 సీట్లు, అటూ ఇటూ పది అన్నారు. నాలుగు రోజులు తిరగకముందే పెట్టెలు తెరిస్తే టీఆర్ఎస్‌కు 88 సీట్లు వచ్చాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం పార్టీకి వంద సీట్లు అటూ ఇటూగా వస్తాయని ఆయన చెప్పారు. వచ్చినవి 23. ఇక సర్వేలకు దూరంగా ఉంటానని ఆయనే ప్రకటించారు. ఒక్కరినే అనడం న్యాయం కాదు. 2024 జూన్ 1న దేశంలోని పెద్దపెద్ద సంస్థలు ఎన్డీఏకు 350కి పైగా సీట్లు చెప్పాయి. జూన్ 3న స్టాక్ మార్కెట్ ఆకాశానికెగిరింది. జూన్ 4న ఫలితాల్లో ఎన్డీఏకు వచ్చినవి 293. ఆ ఒక్కరోజే సెన్సెక్స్ 4 వేల పాయింట్లకు పైగా కుప్పకూలింది. అదే రోజు ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ 11 సీట్లకు పరిమితమైంది. ఆ పార్టీయే మళ్లీ అధికారంలోకి వస్తుందని చెప్పిన సర్వేలు కూడా అంతకుముందు వచ్చినవే.

సర్వే చేయడం తప్పు కాదు. కొన్నిసార్లు అది నిజమూ అవుతుంది. జూబ్లీహిల్స్ పోలింగ్ ముగిసిన సాయంత్రం వచ్చిన అంచనాల్లో ఎక్కువ భాగం గెలుపును సరిగానే చెప్పాయి. కానీ సర్వే ప్రవచనం కాదు. ఎంతమందిని అడిగారు, ఏ బస్తీలో అడిగారు, ఎవరి డబ్బుతో అడిగారు అన్నవి చెప్పని సర్వే ఇనుప కొమ్ముల ఆట మాత్రమే. చివరి ఓటు పడేదాకా ఎగ్జిట్ పోల్ బయటపెట్టరాదని ప్రజాప్రాతినిధ్య చట్టంలో 126ఏ సెక్షన్ ఎందుకు పెట్టారు? గెలిచే గుర్రం వైపు పరుగెత్తే బలహీనత మనుషుల్లో ఉందని చట్టం చేసినవారికి తెలుసు. నిర్గమకాండం 23వ అధ్యాయానికి ఇంకా ముందే తెలుసు. పదిమంది పోతున్నారని కీడు వైపు పోవద్దని ఇశ్రాయేలీయులకు అక్కడే హెచ్చరిక ఉంది. ఇక సర్వేలను పట్టుకుని పందాలు కాసేవారి సంగతి వేరే చెప్పాలా? ఫలితాల మీద బెట్టింగు కట్టి అప్పులపాలైన కుటుంబాల కన్నీళ్లు సంఘ కాపరులకు తెలియనివి కావు.

వార్తకు వెల ఎంత?

ఇది వార్తాపత్రికలో అచ్చవుతున్న వ్యాసం. కాబట్టి పత్రికల సంగతి దాటవేస్తే అది నిజాయితీ అనిపించుకోదు. 2009 ఎన్నికల తర్వాత 'చెల్లింపు వార్తల' గొడవ దేశమంతా రేగింది. అభ్యర్థి డబ్బు కడితే అతని ప్రకటనను ప్రకటన అని చెప్పకుండా వార్తగా అచ్చు వేయడమే చెల్లింపు వార్త. ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘం అప్పట్లో పశ్చిమ గోదావరి జిల్లాలో దీనిమీద పరిశీలన జరిపింది. ప్రెస్ కౌన్సిల్ తరఫున పరంజయ్ గుహా ఠాకుర్తా, తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి కలిసి 2010లో నివేదిక తయారుచేశారు. ఒకే పేజీలో ఇద్దరు ప్రత్యర్థులూ గెలుస్తారని రెండు వార్తలు! వేర్వేరు పత్రికల్లో అక్షరం మారకుండా ఒకే వ్యాసం, రాసినవారి పేరు మాత్రం వేరు! ఇలాంటివెన్నో అందులో ఉన్నాయి. పూర్తి నివేదికను బయటపెట్టడానికి ప్రెస్ కౌన్సిల్ మొదట వెనకాడింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే 2011లో అది ప్రజలకు అందింది.

ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ ఎమ్మెల్యే ఉమ్లేష్ యాదవ్‌పై చెల్లింపు వార్తల ఖర్చు చూపనందుకు 2011లో ఎన్నికల కమిషన్ మూడేళ్ల అనర్హత వేటు వేసింది. ఇప్పుడు ప్రతి ఎన్నికలోనూ మీడియా పరిశీలన కమిటీలు పనిచేస్తున్నాయి. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి మన రాష్ట్రంలో 40 లక్షలు. వీధుల్లో కనిపించే ఫ్లెక్సీలు, వాహనాలు, భోజనాలు, ఫోన్లో కనిపించే వీడియోలు అన్నీ కలిపి 40 లక్షల్లో సరిపోతాయా అని ఎవరికి వారు లెక్కవేసుకోవచ్చు.

అచ్చయినదంతా అబద్ధమని దీని అర్థం కాదు. నిజం కోసం కష్టపడే విలేకరులు ప్రతి పత్రికలోనూ ఉన్నారు. ఏ పత్రిక ఎటు మొగ్గుతుందో, ఏ చానెల్ యజమాని ఏ పార్టీకి దగ్గరో మన పిల్లలకు కూడా తెలుసు. తెలిసి కూడా ఒక్క పత్రికే చదివి, ఒక్క చానెలే చూసి తీర్పు చెప్పేస్తున్నామే, అదీ బాధ. వివాదంలో ముందు మాట్లాడినవాడి వాదన సరైనదిగానే కనిపిస్తుందనీ, ఎదుటివాడు వచ్చి ప్రశ్నించాకే దాని బలం తెలుస్తుందనీ సామెతలు 18:17 నేర్పుతుంది. రెండో పక్షం వినకుండా తీర్పు చెప్పే న్యాయాధిపతిని మనం ఒప్పుకోం. ఓటరు కూడా న్యాయాధిపతే కదా!

విచిత్రమేమంటే, ఎన్నికల కాలంలో పత్రికలో వచ్చే అతి ముఖ్యమైన సమాచారాన్ని మనం తిప్పేస్తాం. క్రిమినల్ కేసులున్న అభ్యర్థులు వాటి వివరాలను పత్రికల్లో, టీవీల్లో మూడుసార్లు ప్రకటించాలని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అవి ఏదో లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో వస్తాయి. వాటిని కళ్లద్దాలు పెట్టుకుని చదివే విశ్వాసులు ఎంతమంది? అభ్యర్థి ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ తెలిపే ప్రమాణపత్రాలు ఎన్నికల కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. ఒక టీవీ చర్చకు వెచ్చించే గంటలో పావువంతు దానికి చాలు.

ఫిల్మ్‌నగర్ నేర్పే పాఠం

మన సంఘాల్లో కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ చుట్టూ బతుకు వెతుక్కునే సినిమా కార్మికులు ఎందరో ఉన్నారు. లైట్‌మెన్లు, డబ్బింగ్ కళాకారులు, ఎడిటింగ్ సహాయకులు, జూనియర్ ఆర్టిస్టులు. బొమ్మ ఎలా పుడుతుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. నలభై మందిని ఇరుకు సందులో నిలబెట్టి కెమెరా దగ్గరగా పెడితే నాలుగు వేల మందిలా కనిపిస్తారు. అదే జనాన్ని మైదానంలో నిలబెట్టి పైనుంచి తీస్తే వెలవెలబోతారు. మాట మధ్యలో కత్తెర పడితే 'చేయను' అన్నవాడు 'చేస్తాను' అన్నట్టు వినిపిస్తాడు. వెనక సంగీతం మారితే నాయకుడు ప్రతినాయకుడవుతాడు. ఈ కిటుకులన్నీ సినిమాలో కళ. వార్తలో వాడితే అబద్ధ సాక్ష్యం.

సినిమా, రాజకీయం మన దగ్గర ఎన్నడూ దూరంగా లేవు. 1982 మార్చి 29న పార్టీ ప్రకటించిన నటుడు ఎన్.టి. రామారావు, తొమ్మిది నెలలు దాటగానే 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. 2019 ఎన్నికల ముందు ఆయన జీవితం మీదే రెండు వైపుల నుంచి సినిమాలు వచ్చాయి. 'కథానాయకుడు', 'మహానాయకుడు' ఒక కోణం చూపితే, 'లక్ష్మీస్ ఎన్టీఆర్' పూర్తిగా ఇంకో కోణం చూపింది. అది మార్చి 29న తెలంగాణలో విడుదలైంది, ఆంధ్రప్రదేశ్‌లో హైకోర్టు ఉత్తర్వుతో ఆగింది. అదే కాలంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర మీద 'యాత్ర' వచ్చింది. ఎన్నికలపై ప్రభావం చూపే జీవితకథా చిత్రాలను నియమావళి అమల్లో ఉన్నంతకాలం ప్రదర్శించరాదని 2019 ఏప్రిల్ 10న ఎన్నికల కమిషన్ ఆదేశించింది. 2024 ఎన్నికల ముందు మళ్లీ అదే వరుస: 'యాత్ర 2', 'రాజధాని ఫైల్స్', 'వ్యూహం', అన్నీ ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే.

ఒకే మనిషి జీవితం ఒక సినిమాలో మహనీయంగా, మరో సినిమాలో విషాదంగా ఎలా కనిపించింది? రెండూ అబద్ధమే కానక్కరలేదు. కథను ఎక్కడ మొదలుపెట్టారు, ఎక్కడ ముగించారు, మధ్యలో ఏది వదిలేశారు అన్న దానిలోనే రహస్యమంతా ఉంది. వార్త చదివేటప్పుడు కూడా ఈ ప్రశ్న వేసుకోవాలి: ఇందులో ఏం చెప్పారు అన్నది సరే, ఏం చెప్పలేదు?

రెండో సమూయేలు 15వ అధ్యాయంలో అబ్షాలోము కూడా మంచి దర్శకుడే. రథం, గుర్రాలు, ముందు పరుగెత్తడానికి 50 మంది మనుషులు. ఈనాటి రోడ్ షోకు అది తొలి నమూనా అనవచ్చు. పొద్దున్నే గుమ్మం దగ్గర నిలబడేవాడు. ఏ ఊరని ఆప్యాయంగా అడిగేవాడు. నీ పక్షాన న్యాయముంది గానీ వినే నాథుడు లేడు, నేనే న్యాయాధిపతినైతేనా అనేవాడు. దండం పెట్టబోయినవారిని లేపి ముద్దు పెట్టుకునేవాడు. అతడు ఒక్క తీర్పూ తీర్చలేదు, ఒక్క బావీ తవ్వలేదు. అయినా ఇశ్రాయేలీయుల హృదయాలు దోచుకున్నాడు. చివరికి ఆ ముద్దుల ఖరీదు దేశం రక్తంతో చెల్లించింది.

మన చేతిలోని అబద్ధ సాక్ష్యం

పత్రికల తప్పులు, సినిమాల తప్పులు, పార్టీల తప్పులు లెక్కపెట్టడం తేలిక. మన చేతిలో ఉన్న ఫోను సంగతేమిటి? ఎన్నికలు రాగానే సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ప్రార్థన మనవుల మధ్య ఏవేవో వచ్చి చేరతాయి. ఫలానా నాయకుడు రహస్యంగా బాప్తిస్మం తీసుకున్నాడని ఒకటి. ఫలానా పార్టీ గెలిస్తే మర్నాడే చర్చిలకు తాళాలు పడతాయని ఇంకొకటి. ఎప్పటిదో, ఎక్కడిదో తెలియని దాడి దృశ్యం, 'నిన్న మన ఊళ్లో' అన్న వ్యాఖ్యతో మరొకటి. చివర్లో మాత్రం తప్పకుండా ఉంటుంది: 'పదిమందికి పంపండి, ప్రార్థించండి' అని. ప్రార్థించండి అన్న మాట ఉంటే చాలు, మన వేలు ఆగదు.

మన సహోదరులకు నిజంగా కష్టాలు లేవని కాదు. ఉన్నాయి కాబట్టే అబద్ధం ఇంకా ప్రమాదకరం. పది అబద్ధాలు చేరవేసినవాడు పదకొండోసారి నిజం చెప్పినా ఎవరు నమ్ముతారు? నిజంగా బాధపడిన కుటుంబానికి మనం చేసే మొదటి అన్యాయం అదే. తొమ్మిదో ఆజ్ఞ అబద్ధ సాక్ష్యం పలకవద్దంటుంది. నిర్గమకాండం 23:1 లేని వార్తను పుట్టించవద్దని, దుష్టునితో కలిసి సాక్షిగా నిలబడవద్దని చెబుతుంది. ఫార్వర్డ్ చేయడమంటే చేయి కలపడం కాక మరేమిటి? 'నేను రాయలేదు, వచ్చింది పంపాను' అన్న జవాబు దేవుని న్యాయస్థానంలో చెల్లుతుందా? మన పొరుగువాడు అన్నప్పుడు అందులో మనకు నచ్చని పార్టీవాడూ ఉన్నాడు. అతని మీద పడిన నింద అబద్ధమని తెలిసినప్పుడు, అది మనకు లాభమైనా సరే, కాదని చెప్పగలగాలి.

ఎవరి చేతిలో ఏముంది?

వార్తను పరిశీలించినట్టే వాగ్దానాన్నీ పరిశీలించాలి. మనస్ఫూర్తిగా ఇస్తున్నాడా అన్నది దేవునికే తెలుసు. ఇవ్వగలడా అన్నది మనం తెలుసుకోవచ్చు. ఒక ఉదాహరణ చూద్దాం. దళిత క్రైస్తవులకు షెడ్యూల్డ్ కులాల హోదా తెస్తామని ప్రతి ఎన్నికలో ఎవరో ఒకరు మన సభల్లో చెబుతారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది పార్లమెంటు. రాజ్యాంగంలోని 341వ అధికరణం ప్రకారం ఆ జాబితాను మార్చే అధికారం పార్లమెంటుదే. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది నిజమే. ఆ తీర్మానం కేంద్రాన్ని కోరడానికే తప్ప హోదా ఇవ్వడానికి కాదు. మరి ఒక ఎమ్మెల్యే అభ్యర్థి 'నన్ను గెలిపించండి, హోదా తెస్తాను' అంటే మనం చప్పట్లు కొట్టాలా, ఎలా తెస్తావని అడగాలా?

వీధి దీపం నగరపాలక సంస్థ పని. తాగునీరు, మురుగునీటి పారుదల జలమండలి పని. 119 మంది సభ్యులున్న శాసనసభలో ఎమ్మెల్యేది ఒక్క ఓటు. అతడు చేయగలిగినవి కూడా చాలానే ఉన్నాయి. సభలో ప్రశ్నించవచ్చు, నిధులు రాబట్టవచ్చు, అధికారులను కదిలించవచ్చు. చేయగలిగినదాన్ని అడిగి, అయిదేళ్ల తర్వాత లెక్క అడగడమే పౌరుని పని. ఆకాశంలో ఉన్నదాన్ని అడిగేవాడికి ఆకాశాన్నే చూపిస్తారు.

వేదిక ఎవరిది?

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన మాట. ఎన్నికలు దగ్గరపడగానే కులానికో ఆత్మీయ సమ్మేళనం, మతానికో ఆత్మీయ సమ్మేళనం జరుగుతుంది. అక్కడికి పాస్టర్లనూ ఆహ్వానిస్తారు. శాలువా కప్పుతారు. మందిరానికి ప్రహరీగోడ, సమాధుల స్థలం, మైకు సెట్టు, ఏదో ఒక మాట ఇస్తారు. 'మా సంఘమంతా మీ వెంటే' అన్న మాట బదులుగా తీసుకుంటారు. కాపరులారా, ఆ మాట ఇచ్చే అధికారం మనకెక్కడిది? సంఘంలోని ఓట్లు కాపరి జేబులో ఉన్న సొమ్ము కాదు. ప్రతి విశ్వాసికి దేవుడు వేరుగా మనస్సాక్షి ఇచ్చాడు, రాజ్యాంగం వేరుగా ఓటు ఇచ్చింది.

చట్టం కూడా ఈ మాటే అంటుంది. 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం ప్రకారం ప్రార్థనా స్థలాన్ని రాజకీయ కార్యకలాపానికి వాడనిచ్చిన నిర్వాహకులకు అయిదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. అది గుడికీ మసీదుకీ ఎంతో, చర్చికీ అంతే. మతం పేరిట ఓటు అడగడం అవినీతి చర్య అని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పు చెప్పింది. ఇతరులు మతం పేరిట ఓటు అడిగితే మనం నొచ్చుకుంటాం. మన వేదిక మీద అదే పని జరిగితే 'దేవుని కార్యం' అంటామా? ఇక ఓటుకు నోటు సంగతి. ఇచ్చినవాడే కాదు, పుచ్చుకున్నవాడూ చట్టం ముందు దోషే. లంచం చూపున్నవాడికి కూడా గుడ్డితనం తెస్తుందని నిర్గమకాండం 23:8 హెచ్చరిస్తోంది. డబ్బు తీసుకుని నచ్చినవారికే వేశాం అని సమర్థించుకునేవారు, తీసుకున్న క్షణంలోనే చూపు సగం పోయిందని గ్రహించరు.

అలాగని రాజకీయాలు మురికి, మనకెందుకు అని తలుపేసుకోవడం భక్తి కాదు. న్యాయాధిపతుల గ్రంథం 9వ అధ్యాయంలో యోతాము చెప్పిన చెట్ల కథ మనకు తెలిసిందే. ఒలీవ, అంజూరం, ద్రాక్ష తమకు వేరే పని ఉందని తప్పుకున్నాయి. రాజ్యం ముండ్లపొదకు దక్కింది. మోతీనగర్ చుట్టుపక్కల ఆ మంగళవారం ఓటు వేయకుండా ఉండిపోయిన రెండు లక్షల మందిలో ఒలీవ చెట్లెన్నో! తర్వాత ముండ్లు గుచ్చుకుంటున్నాయని ఫిర్యాదు చేసేందుకు మాత్రం మనం ముందుంటాం.

బెరయ చెవులు

పరిశీలించడమంటే అందరినీ అనుమానించడం కాదు. ఎవరినీ నమ్మనివాడు కూడా ఒకరకంగా బద్ధకస్తుడే. అతడూ ఏదీ వెతకడు. అపొస్తలుల కార్యాలు 17వ అధ్యాయంలో బెరయ వారు పౌలు మాటను ఆసక్తితో విన్నారు, ఆపైన అది నిజమో కాదో అని ప్రతిదినం లేఖనాలు తిరగేశారు. పౌలు నొచ్చుకోలేదు. లూకా వారిని ఘనులని మెచ్చుకుని రాశాడు. అపొస్తలుని ప్రసంగాన్నే పరిశీలించవచ్చు అన్నప్పుడు, టీవీ యాంకరు మాటను పరిశీలించకూడదా? అభ్యర్థి మాటను? ఫోనులో వచ్చిన వీడియోను? చివరికి ఈ వ్యాసాన్ని కూడా పరిశీలించండి.

వచ్చే ఎన్నికల నాటికి ప్రతి సంఘంలో ఈ నాలుగు ప్రశ్నలు అలవాటైతే చాలు. ఇది ఎవరు చెప్పారు? దీనికి డబ్బెవరు పెట్టారు? ఇందులో చెప్పకుండా వదిలేసింది ఏమిటి? ఇది నిజమని నేను ఇంత త్వరగా నమ్మాలనుకుంటున్నది ఎందుకు? మొదటి మూడూ ఇతరులను అడిగే ప్రశ్నలు. నాలుగోది మోకాళ్ల మీద ఉన్నప్పుడు మనల్ని మనం అడగవలసింది. అహాబు అడగనిది అదే.

అధికారంలో ఉన్నవారందరి కోసం ప్రార్థించమని పౌలు తిమోతికి రాశాడు. మనం ఓటు వేసినవారి కోసమే కాదు, వేయనివారి కోసం కూడా. ఆ ప్రార్థన అలవాటైన నోటికి అబద్ధం చేరవేయడం కష్టమవుతుంది. నాలుగు వందల నోళ్లు ఒకే పాట పాడుతున్న కాలంలో మీకాయాలా మాట్లాడే ధైర్యం అందరికీ రాకపోవచ్చు. కనీసం యెహోషాపాతులా అడగవచ్చు కదా: ఇంకెవరైనా ఉన్నారా, వారి మాట కూడా విందామా అని. అయితే అడిగి విని కూడా యెహోషాపాతు అహాబు వెంటే రామోత్గిలాదుకు వెళ్లాడు, ప్రాణాల మీదికి తెచ్చుకుని కేక వేశాడు. వినడం ఎంత అవసరమో, విన్న సత్యం వైపు నిలబడడం అంత అవసరం.